డి డ్రైవులో పదకొండు జీబీ ఎవరు తిన్నారు?

"ఏరా, పన్నెండు పెడితే ఇరవై మూడు పోయిందిరా!"

నాన్నగారి ఫోను. నేనప్పుడు ఆఫీసు కాల్లో మ్యూట్‌లో ఉన్నా. ఏదో చిట్టీల వ్యవహారం అనుకుని, "ఎవరికిచ్చారు నాన్నా అంత?" అన్నా.

"డబ్బు కాదురా, డిస్కు. డి డ్రైవులో ముప్ఫై రెండు జీబీ ఖాళీ ఉంది. పన్నెండు జీబీ పెళ్ళి వీడియో ఎక్కించా. ఇరవై మిగలాలి కదా? తొమ్మిదే చూపిస్తోంది. మిగతా పదకొండు ఏది?"

ముందు మా నాన్నగారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో ప్రపంచంలో లెక్కలు రెండే రకాలు, టాలీ అయినవి, అవ్వనివి. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్ల మీద చేసిన మనిషి. సాయంత్రం ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా వోచర్లు తిరగేసేవాళ్ళట. అలాంటి మనిషికి పదకొండు జీబీ తేడా వస్తే నిద్రపడుతుందా?

నేనేమో ఏడేళ్ళుగా సాఫ్ట్‌వేరులో ఉన్నా. నాకు నిద్ర బాగానే పడుతుంది. "విండోస్ అంటే అంతే నాన్నా, అదేదో క్యాష్ అయ్యుంటుంది, రాత్రికి చూస్తాలెండి" అని పెట్టేశా.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. దీనికి వారం ముందు కూడా ఆయన ఫోన్ చేశారు. "డి డ్రైవు ఎర్రగా అయిపోయిందిరా, పద్నాలుగు జీబీయే ఉంది, మీ బాబాయి కూతురి పెళ్ళి వీడియో ఎక్కించాలి, ఎలా?" అని. అప్పుడూ నేను ఏదో పనిలో ఉన్నా. మనందరి నోటికీ మంత్రంలా వచ్చే వాక్యమే చెప్పా. "పాతవేవైనా పెద్ద ఫైళ్ళుంటే తీసెయ్యండి నాన్నా." ఎక్కించాల్సిన వీడియో ఎంతుందో కూడా అడగలేదు. పన్నెండు జీబీ వీడియో పద్నాలుగు జీబీల్లో హాయిగా పట్టేది. పది శాతం కంటే తక్కువ ఖాళీ ఉంటే ఎక్స్‌ప్లోరర్ ఆ గీతని ఎర్రగా చూపిస్తుంది, అంతే. అసలేమీ తియ్యక్కర్లేదు. చెప్పినదాన్ని చేసే మనిషి కాబట్టి ఆయన ఫైళ్ళని సైజు వారీగా పేర్చి, పైన కనపడ్డవి తీసేశారు. తీస్తే రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళాయి, ఖాళీ పెరగలేదు. మళ్ళీ ఫోను. "బిన్ ఖాళీ చెయ్యండి" అన్నా. చేశారు. ముప్ఫై రెండైంది. ఏం తీశారని ఆ రోజూ అడగలేదు.

సరే, రాత్రి రిమోట్‌లో కనెక్టయ్యా. అది నేను ఇంజనీరింగులో ఉండగా కొన్న అసెంబుల్డ్ డెస్కుటాపు, 500 జీబీ హార్డు డిస్కు. సి డ్రైవుకి 120, డి డ్రైవుకి 345. (కూడితే 465 కదా, మిగతా 35 ఎవరు కొట్టేశారని కొన్న రోజే నాన్నగారు అడిగారు. ఎవరూ కొట్టెయ్యలేదు. డిస్కు తయారుచేసేవాడు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటాడు, విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చించి 107 కోట్ల చిల్లర అంటుంది. ఈ రెండోదానికి గిబీబైట్ అని 1998లోనే ప్రమాణాల సంస్థ వాళ్ళు పేరు పెట్టారు. విండోస్ మాత్రం పాత పేరే రాస్తుంది. యాపిల్ వాడు 2009లో వందకోట్ల లెక్కకి మారిపోయాడు. అందుకే అదే డిస్కు మ్యాక్‌కి తగిలిస్తే 500, విండోస్‌కి తగిలిస్తే 465. "సేరుకి రెండు కొలతలున్న ఊళ్ళో వ్యాపారం చేసినట్టుంది" అన్నారు నాన్నగారు.)

డి డ్రైవు తెరిచి, అన్ని ఫోల్డర్లూ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 290 జీబీ. డ్రైవు మీద రైట్ క్లిక్ చేసి చూస్తే వాడినది 336. అంటే తేడా పదకొండు కాదు, నలభై ఆరు! నాన్నగారు పక్కన కాగితం మీద రాసుకుంటున్నారు, పెన్ను చప్పుడు వినిపిస్తోంది.

ఇలాంటప్పుడు "విండోస్ తప్పు చూపిస్తోంది" అంటారు అందరూ. నేనూ అన్నాను. కానీ నిజం చెప్పాలంటే ఖాళీ ఎంతో చెప్పే ఆ నంబరు తప్పయ్యే సందర్భాలు చాలా తక్కువ. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ప్రతి క్లస్టరుకీ ఒక బిట్ ఉన్న పట్టీ ఉంటుంది, వాడితే 1, వాడకపోతే 0. ఆ సున్నాల్ని లెక్కేసి చెప్పేదే ఖాళీ. కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే ఈ పట్టీ చెడిపోవచ్చు, ఎవరికీ చెందని క్లస్టర్లు వాడుకలో ఉన్నట్టు మిగిలిపోవచ్చు. అది చెక్‌డిస్కు పట్టుకుంటుంది. పెన్‌డ్రైవుల్లో ఇంకొంచెం ఎక్కువ చూస్తాం. ఫ్యాట్‌32లో ఎన్ని క్లస్టర్లు ఖాళీయో ఒక చోట రాసిపెట్టుకుంటుంది, ప్రతిసారీ లెక్కపెట్టకుండా. సేఫ్‌గా తియ్యకుండా పీకేస్తే ఆ రాసుకున్న అంకె పాతదైపోతుంది. ఇహ సంతల్లో మూడొందలకి అమ్మే 2 టీబీ పెన్‌డ్రైవుల సంగతి వేరే, వాటిలో చిప్పే అబద్ధం చెబుతుంది. నిండా రాసి, మళ్ళీ చదివి చూస్తేగానీ బయటపడదు.

పాత రోజుల్లో ఇంకో తమాషా ఉండేది. ఖాళీని 32 బిట్ల సంఖ్యలో దాచుకునే ఇన్‌స్టాలర్లు పెద్ద డిస్కులు వచ్చాక తికమకపడేవి. 4 జీబీ దాటితే ఆ సంఖ్య మళ్ళీ సున్నా నించి మొదలవుతుంది. 40.1 జీబీ ఖాళీ ఉంటే 0.1 అని చదువుకుని "చోటు చాలదు" అనేది. మందేమిటో తెలుసా? ఇంకో రెండున్నర జీబీ చెత్త ఫైళ్ళు డిస్కులో పడెయ్యటం! అప్పుడు ఖాళీ 37.6 అవుతుంది, ఇన్‌స్టాలరు దాన్ని 1.6 అనుకుని బుద్ధిగా ఎక్కేది. చోటు లేదంటే ఇంకొంచెం నింపాలన్నమాట :)

మా డి డ్రైవులో ఇవేవీ కావు. చెక్‌డిస్కుని స్లాష్ ఎఫ్ పెట్టకుండా, ఊరికే చూసి చెప్పమని నడిపా. తప్పుల్లేవంది. అంటే 336 నిజం. మరి 290? అదీ నిజమే, కాకపోతే నాకు చూసే హక్కున్న ఫైళ్ళ మొత్తం అది. డ్రైవు మొత్తం కాదు.

ఈ సంగతి నాన్నగారికి ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఆయనే చెప్పేశారు. "అంటే లెడ్జరు బ్యాలెన్సు ఒకటి, క్యాష్ కౌంటర్లో లెక్కపెట్టింది ఒకటి. నువ్వు కౌంటర్ ఒక్కటే లెక్కపెట్టావు. స్ట్రాంగు రూములోది లెక్కపెట్టలేదు."

సరిగ్గా అదే. డి డ్రైవులో స్ట్రాంగు రూములు రెండున్నాయి. ఒకటి రీసైకిల్ బిన్. డెస్కుటాపు మీద కనిపించే బుట్ట ఒకటే కానీ లోపల ప్రతి యూజరుకీ వేరే బుట్ట ఉంటుంది. అమ్మ లాగిన్‌లోని బుట్టలో 4 జీబీ ఉంది. సీరియళ్ళు అనుకుంటా, నేను అడగలేదు. రెండోది సిస్టం వాల్యూం ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డరు. అడ్మిన్ అయినా సరే తెరవబోతే నో అంటుంది. అందులో ఎంతుందో తెలుసుకోవాలంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్టులో విఎస్ఎస్ అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్ అని కొట్టాలి. కొట్టా. వాడింది 41, గరిష్ఠం 51.

41, 4 కలిపితే 45. మిగిలిన ఒకటి ఫైల్ సిస్టం సొంత పట్టికలూ అవీ. నలభై ఆరు! నాన్నగారు కాగితం మీద గీత గీసి కింద రెండు గీతలు గీసుంటారు, చూడకుండానే చెప్పగలను.

నేను మహా ఉత్సాహంగా, "దొరికింది నాన్నా! ఒక్క కమాండు కొడితే 41 జీబీ మొత్తం వచ్చేస్తుంది" అన్నా. టైపు కూడా చేసేశా. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

"అందులో ఏముంది?" అన్నారు.

"పాత రీస్టోర్ పాయింట్లు నాన్నా. చెత్త."

"చెత్త అని నువ్వు చూశావా?"

చూళ్ళేదు. చూడాలని కూడా అనిపించలేదు. ఆయన అన్నారు కదా, "మా దగ్గర సస్పెన్స్ అకౌంట్ అని ఉండేది. ఎక్కడిదో తెలీని మొత్తం దాంట్లో వేస్తాం. ఎవరిదో తేలేదాకా దాన్ని ముట్టుకోకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు తొందరగా టాలీ చేసేద్దామని దాన్ని కొట్టేసేవాళ్ళు. మర్నాడు ఒక ముసలాయన వచ్చి నా డిపాజిట్ ఏదయ్యా అనేవాడు."

సరే, ఆయన్ని ఒప్పిద్దామని అసలీ షాడో కాపీ ఎలా పనిచేస్తుందో చెప్పటం మొదలెట్టా. రీస్టోర్ పాయింట్ తీసిన క్షణంలో డిస్కు ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాలి. అలాగని మొత్తం కాపీ చెయ్యదు, అంత చోటెక్కడిది? ఏమీ చెయ్యకుండా ఊరుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా ఒక పాత ముక్క మీద కొత్తది రాయబోతే, రాసేముందు ఆ పాత ముక్కని తీసి తన గదిలో దాచుకుంటుంది. ఫైలు డిలీట్ చేస్తే వెంటనే ఏమీ కాదు, ఖాళీ మామూలుగానే పెరుగుతుంది. ఆ ఖాళీ అయిన చోట కొత్త ఫైలు పెట్టినప్పుడే తంటా. కొత్తదానికి చోటు, దాని కింద ఉన్న పాతదాన్ని దాచటానికి ఇంకొంత చోటు. అందుకే మీరు పన్నెండు పెడితే ఇరవై మూడు...

అక్కడ ఆగిపోయా.

పన్నెండు జీబీ వీడియో వెళ్ళి పడింది మొన్న డిలీట్ చేసిన ఫైళ్ళ చోట. పెద్ద ఖాళీ ముక్కలు అక్కడే దొరికాయి కదా. ఆ పదకొండు జీబీ మరేదో కాదు, ఆయన డిలీట్ చేసిన ఫైళ్ళే.

"నాన్నా, మీరు ఆరోజు తీసేసిన పెద్ద ఫైళ్ళేంటి?"

"మామ్మ టేపులు. పర్లేదులే, మీ అత్తకి పెన్‌డ్రైవులో ఇచ్చాగా అన్నీ."

మామ్మ అంటే నాన్నగారి అమ్మ. ఊళ్ళో ఏ పెళ్ళయినా అప్పగింతల పాటకి ఆవిణ్ణే పిలిచేవారట. నాన్నగారికి ఉద్యోగం వచ్చిన కొత్తలో టేప్ రికార్డరు కొని, సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ పాటలూ, మంగళహారతులూ, పాత కబుర్లూ రికార్డు చేశారు. గంట క్యాసెట్లు ముప్ఫై. రిటైరయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించారు. నేను పెట్టిచ్చిన సెట్టింగే, సీడీ నాణ్యత, వేవ్ ఫైళ్ళు. గంటకి దాదాపు 635 మెగాబైట్లు, ముప్ఫై గంటలంటే విండోస్ లెక్కలో పద్దెనిమిది జీబీకి కొంచెం తక్కువ. సైజు వారీగా పేరిస్తే పైనే ఉంటాయి మరి. నేను చెప్పింది పెద్దవి తీసెయ్యమనే కదా.

మామ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. ఆవిడ గొంతు నాకు ఆ టేపుల్లోనే తెలుసు.

అప్పటికప్పుడు అత్తకి ఫోన్ చేశా. పెన్‌డ్రైవు ఉంది. అత్త మనవడు దాన్ని ఫార్మాట్ చేసి సినిమాలు ఎక్కించుకున్నాడు. వాణ్ణేమీ అనటానికి లేదు, వాడికి కూడా ఎవడో ఇంజనీరు "చోటు లేకపోతే పాతవి తీసెయ్" అని చెప్పే ఉంటాడు. క్యాసెట్లేవి అంటే, బూజు పట్టాయని, ఎలాగూ కంప్యూటర్లో ఉన్నాయని, పాత సామాన్లవాడికి ఇచ్చేశారట.

టైపు చేసిన కమాండు స్క్రీను మీద అలాగే ఉంది. విఎస్ఎస్ అడ్మిన్ డిలీట్ షాడోస్. ఎంటర్ కొట్టుంటే మూడు సెకన్లు. నలభై ఒక్క జీబీ ఖాళీ చేశానని గర్వంగా పడుకునేవాణ్ణి.

ఒక్కో అక్షరం జాగ్రత్తగా చెరిపేసి, మెషీన్ షట్‌డౌన్ చెయ్యమన్నా. "నేను వచ్చేదాకా ఆన్ చెయ్యకండి." ఎందుకంటే డి డ్రైవులో ఇంకేం రాసినా ఆ గది ఇంకా నిండుతుంది, 51 దాటబోతే అన్నిటికంటే పాత రీస్టోర్ పాయింటుని తీసి పారేస్తుంది. డిస్కులో చోటే చాలకపోయినా అంతే. తొమ్మిది జీబీ మాత్రమే ఉంది. శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి తెనాలిలో దిగా, బ్యాగులో ఒక కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కు.

అది ఎలా చేశానో చెబుతా, ఎవరికైనా పనికొస్తుంది. పెద్ద విద్యేమీ కాదు. ఫైళ్ళు పోయిన ఫోల్డరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్ అనే ట్యాబు. అక్కడ తేదీలతో లిస్టు వస్తుంది. డిలీట్ చేసిన రోజుకి ముందుది ఎంచుకుని, రీస్టోర్ కొట్టకూడదు, ఓపెన్ కొట్టాలి. రీస్టోర్ కొడితే అదే డ్రైవులో రాస్తుంది, అంటే ఉన్న కొమ్మనే నరుక్కోవటం. ఓపెన్ చేసి, అందులోంచి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఇదంతా పనిచెయ్యటానికి కారణం కూడా నేనే. ఎనిమిదేళ్ళ కిందట విండోస్ వేసినప్పుడు ఏ మూడ్‌లో ఉన్నానో డి డ్రైవుకి కూడా సిస్టం ప్రొటెక్షన్ ఆన్ చేసి స్లైడరు 15 శాతానికి లాగి మర్చిపోయా. మామూలుగా సి డ్రైవుకే ఉంటుంది. సి డ్రైవులో అయితే ఈ అదృష్టానికి హామీ లేదు, విండోస్ 8 నించి సిస్టం డ్రైవు మీద తీసే రీస్టోర్ పాయింట్లలో సిస్టంకి కావాల్సిన ఫైళ్ళనే పట్టించుకుంటుంది. కాబట్టి దీన్ని బ్యాకప్ అనుకుని ధీమాగా ఉండకండి.

డిలీట్ చేసిన రోజుకి ముందున్న చివరి రీస్టోర్ పాయింటు పంతొమ్మిది రోజుల పాతది, ప్రింటరు డ్రైవరు వేసినప్పుడు తీసినది. అందులో ఇరవై ఎనిమిది ఫైళ్ళున్నాయి. ముప్ఫై కాదు. చివరి రెండు క్యాసెట్లు నాన్నగారు ఆ పంతొమ్మిది రోజుల మధ్యలో ఎక్కించారు. అన్‌డిలీట్ టూల్సు కూడా నడిపి చూశా, ఆ రెండు ఫైళ్ళున్న చోట ఇప్పుడు పెళ్ళి వీడియోలో బఫే ఉంది.

ఇప్పుడు నా గోల ఏంటంటే.

మనం ఆఫీసులో ఇలా చెయ్యం కదా? పోయినేడాది మా టీములో ఒక లినక్స్ సర్వరు డిస్కు నిండింది. కొత్తగా చేరిన అబ్బాయి 60 జీబీ లాగ్ ఫైలు ఆర్ఎం కొట్టాడు. డీఎఫ్ చూస్తే అంతే, ఒక్క బైటు కూడా పెరగలేదు. డీయూ చూస్తే 60 తగ్గింది. ఆ ప్రాసెస్ ఫైలుని ఇంకా తెరిచి పట్టుకునే ఉంది, రేషన్ కార్డులో పేరు కొట్టేస్తే మనిషి ఇల్లు ఖాళీ చెయ్యడు కదా! ఎల్ఎస్ఓఎఫ్ చూసి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే వచ్చింది. దానికి మేం రూట్ కాజ్ డాక్యుమెంటు రాసి, గంట మీటింగు పెట్టి, "డీఎఫ్‌కీ డీయూకీ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా ప్రొడక్షన్‌లో ఏదీ డిలీట్ చెయ్యరాదు" అని రూలు కూడా పెట్టాం. మర్నాడు సర్వరు రొటేట్ చేసి పారేసే లాగ్ ఫైలుకి అంత మర్యాద. మామ్మ పాటలకి మాత్రం "పాతవేవైనా తీసెయ్యండి నాన్నా."

ఇంట్లో వాళ్ళు మనల్ని అడిగేది చోటు గురించి అనుకుంటాం. వాళ్ళు అడిగేది లెక్క. "పదకొండు ఏది?" అన్నది మంచి ప్రశ్న, మా టీములో చాలామంది వెయ్యని ప్రశ్న. దానికి సమాధానం తెలీనప్పుడు తెలీదు అనాలి. "విండోస్ అంటే అంతే" అన్నాను నేను, అది సమాధానం కాదు.

మనం రాసే సాఫ్ట్‌వేరూ ఆ ప్రశ్నని రానివ్వదు. ఖాళీ ఇంత, వాడింది ఇంత, రంగుల గీత, అయిపోయింది. స్టోరేజ్ సెట్టింగుల్లోకి వెళితే "ఇతరాలు" అని ఒక పెద్ద ముక్క, ఫోనుల్లో అయితే "సిస్టం డేటా". అదే సస్పెన్స్ అకౌంట్, కాకపోతే అందులో ఎంట్రీలు చూసే దారి మామూలు మనిషికి లేదు. నా డి డ్రైవు లెక్క తేలటానికి రెండు కమాండ్లూ, అడ్మిన్ హక్కులూ, ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగీ కావాల్సొచ్చింది. ఆ నలభై ఒక్క జీబీ పక్కన "ఇవి ఫలానా తేదీల నాటి మీ పాత ఫైళ్ళు, కావాలంటే తెరిచి చూడండి" అని ఒక లైను రాస్తే సరిపోయేది. రాయరు. దానికి బదులు క్లీనర్లు అమ్ముతారు. ఆ క్లీనర్లు ఒక్క క్లిక్కుతో ఎన్ని జీబీలు ఖాళీ చేశాయో పెద్దక్షరాలతో చెబుతాయి, ఏం తీశాయో చిన్నక్షరాలతో.

కొంత న్యాయంగా కూడా మాట్లాడాలి. ఖాళీ అంటే ఎంత అని ఒకే అంకెలో చెప్పటం నిజంగానే కష్టం. మ్యాక్‌లో 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ చూడండి, అవసరమైతే తీసెయ్యగలిగినదాన్ని కూడా ఫైండరు ఖాళీ కింద కలిపి చెబుతుంది, డిస్క్ యుటిలిటీ దాన్ని విడిగా చూపిస్తుంది. రెండిట్లో ఏది తప్పు? ఏదీ కాదు. లినక్స్ ఎక్స్‌టీ4లో మామూలుగా 5 శాతం రూటు యూజరు కోసం అట్టిపెడుతుంది, అది ఉన్నా మనది కాదు. విండోస్ 10లో 2019లో వచ్చిన 1903 వెర్షన్ నించి కొత్త మెషీన్లలో అప్‌డేట్ల కోసం ఒక 7 జీబీ పక్కన పెడుతుంది. తేడా అన్నివేళలా ఒకే వైపూ ఉండదు. సి డ్రైవులో విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరు సైజు చూసి గుండెలు బాదుకున్నవాళ్ళు బోలెడు మంది. అందులో చాలా ఫైళ్ళు హార్డు లింకులు, ఒకే ఇంటికి రెండు డోర్ నంబర్లు. ఎక్స్‌ప్లోరరు రెండిళ్ళు అని లెక్కేస్తుంది. ఆ ఫోల్డరుని చేత్తో తీసేసి విండోస్ మళ్ళీ వేసుకున్నవాణ్ణి హాస్టల్లో నేను స్వయంగా చూశా.

నాన్నగారికి ఇవన్నీ చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "ఖాతాలో ఉన్నదీ, తీసుకోగలిగేదీ ఎప్పుడూ ఒకటి కాదురా. చెక్కు క్లియరవ్వాలి, లియన్ ఉంటే అది పోవాలి. అందుకే పాస్‌బుక్కులో వరసగా ఎంట్రీలు రాసిస్తాం, ఆఖరి అంకె ఒక్కటే కాదు" అన్నారు. పాస్‌బుక్కు! ఇన్నేళ్ళ ఆపరేటింగ్ సిస్టంలలో ఒక్కదాంట్లోనూ డిస్కుకి పాస్‌బుక్కు లేదు. నిన్న ఇంత, ఇవాళ ఇంత, మధ్యలో వెళ్ళింది ఇందుకు, అని. ఎవరైనా రాస్తే నేను డబ్బిచ్చి కొంటా.

ఇప్పుడు ఆ ఇరవై ఎనిమిది ఫైళ్ళూ మూడు చోట్ల ఉన్నాయి. తెనాలిలో ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, నా దగ్గర ఒకటి, అత్త దగ్గర ఒకటి (మనవడికి అందని బీరువాలో). విండోస్ 10కి 2025 అక్టోబరులో సపోర్టు అయిపోయింది కాబట్టి మెషీనే మార్చాలి, అది వేరే గొడవ. డి డ్రైవులో షాడో కాపీలు అలాగే ఉంచా. నాన్నగారు ఒక పాత లెడ్జరు పుస్తకం తీసి ప్రతి ఆదివారం మూడు డ్రైవుల ఖాళీ రాసుకుంటున్నారు, ఏం పెట్టారో, ఏం తీశారో, తేడా ఎంతో. పోయినవారం సి డ్రైవులో 3 జీబీ తేడా అని ఫోన్ వచ్చింది. ఈసారి "రాత్రికి చూస్తా" అనలేదు. హైబర్నేషన్ ఫైలు, పది నిమిషాల్లో తేలింది.

అన్నట్టు, ఆ చివరి రెండు క్యాసెట్లు దొరికాయి. అన్నిటికంటే ఆఖర్న ఎక్కించారు కాబట్టి వాటిని పాత సామాన్లవాడికి ఇవ్వటానికి ఇంకా టైము రాలేదు, అటక మీద డబ్బాలో ఉన్నాయి. ఒకదాని మీద నాన్నగారి చేతిరాతతో "అమ్మ, 1994, దీపావళి" అని ఉంది. రెండోదాని మీద ఏమీ లేదు. టేప్ డెక్కులోనే బెల్టు తెగింది. తెనాలిలో రిపేరు చేసే ఆయన కొట్టు మూసేసి ఇప్పుడు సెల్ ఫోను కవర్లు అమ్ముతున్నాడు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల క్యాసెట్ డెక్కుకి బెల్టు వేసేవాళ్ళు మీకెవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి. వచ్చే నెల పదిన ఊరెళ్తున్నా.